మొరాయించే గ్లో ఇంజన్: నీడిల్ ముట్టుకునే ముందు చూడవలసినవి

కిందటి డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే, బెంగళూరు దగ్గరి హోస్కోటె దాటాక ఉన్న ఒక ఖాళీ మైదానంలో, మా అన్నయ్య కొడుకు తన మోడల్ విమానంలోని 46 సైజు గ్లో ఇంజన్‌తో ముప్పావుగంట సేపు కుస్తీ పట్టాడు. ప్రొపెల్లర్ తిప్పీ తిప్పీ వాడి వేలు కందిపోయింది కానీ ఇంజన్ ఒక్కసారి కూడా దగ్గలేదు. "బాబాయ్, నీడిల్ ఇంకో అర చుట్టు తెరవనా?" అని అడిగాడు. నీడిల్ అంటే కార్బురేటర్లోకి ఇంధనం ఎంత పోవాలో అదుపు చేసే స్క్రూ. "ఇప్పటిదాకా ఎన్ని చుట్లు తిప్పావురా?" అంటే వాడి దగ్గర లెక్క లేదు. గ్లో ప్లగ్గుకు బ్యాటరీ కరెంటు అందించే ఇగ్నైటర్ చేతిలోకి తీసుకుని చూస్తే, ప్లగ్గును పట్టుకునే స్ప్రింగు లోపల ఇంధనంలోంచి చేరిన పాత ఆముదం గోధుమరంగు లక్కలా గట్టిపడి ఉంది. దాన్ని గరుకు కాగితం ముక్కతో గీకడానికి ఒక్క నిమిషం పట్టింది. వాడు తిప్పేసిన నీడిల్‌ను మళ్లీ దారిలోకి తేవడానికి మాత్రం ఇంకో అరగంట పట్టింది.

గ్లో ఇంజన్ మొరాయిస్తే దాదాపు అందరి చెయ్యీ మొదట నీడిల్ మీదికే పోతుంది. అది బయటికి కనబడుతుంది, వేళ్లకు అందుతుంది, తిప్పితే ఏదో చేస్తున్నామన్న తృప్తి కూడా ఉంటుంది. కానీ కిందటి వారం చక్కగా నడిచిన ఇంజన్ నీడిల్ ఈ వారానికి తనంతట తాను మారిపోవడం అరుదు. ఈలోగా మారేవి వేరే ఉంటాయి: బ్యాటరీ చార్జి దిగిపోతుంది, ప్లగ్గు తీగ తెగుతుంది, డబ్బాలోని ఇంధనం తేమ పీల్చుకుంటుంది, ట్యాంకులోని ట్యూబు చీలుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో నీడిల్ వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. ఒకసారి ఒక్కదాన్నే మార్చి, ఫలితం చూసి, ఆ తరువాతే రెండోదాని జోలికి వెళ్లాలన్నది ఇక్కడ పాటించే పద్ధతి.

ఇంజన్ లోపల జరిగేది

మన బైకులోని స్పార్క్ ప్లగ్గుకూ దీనికీ పోలిక పేరులోనే ఉంది. గ్లో ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టదు. దాని అడుగున ప్లాటినం మిశ్రమంతో చేసిన సన్నని తీగ చుట్ట ఉంటుంది. బయటి బ్యాటరీ దాన్ని ఎర్రగా కాలుస్తుంది. ఇంజన్ అందుకున్న తరువాత బ్యాటరీ తీసేసినా తీగ చల్లారదు, ఎందుకంటే మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు జరిగే రసాయన చర్య, పిస్టన్ గాలిని నొక్కడం వల్ల పుట్టే వేడి, అంతకుముందరి మంట వేడి, ఈ మూడూ కలిసి తీగను కాలుతూనే ఉంచుతాయి. ఈ ప్లగ్గును అమెరికాలో రే ఆర్డెన్ 1947లో మార్కెట్లోకి తెచ్చేదాకా మోడల్ విమానాలు ఇగ్నిషన్ కాయిలునూ కండెన్సరునూ బ్యాటరీనీ మోసుకుంటూ ఎగరవలసి వచ్చేది. పెట్రోలుకు ప్లాటినంతో ఈ చర్య ఇంత బాగా జరగదు కనుక, అత్యవసరానికి కాస్త పెట్రోలు పోసి చూద్దామన్న ఆలోచన గ్లో ఇంజన్ విషయంలో పనికిరాదు.

ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్. నూనె సుమారు 18–20 శాతం ఉంటుంది. అది ఆముదం కావచ్చు, సింథటిక్ కావచ్చు, రెండూ కలిపినది కావచ్చు. మామూలు విమానాలకు నైట్రోమిథేన్ 5 నుంచి 15 శాతం వరకు కలుపుతారు, అది బొత్తిగా లేకుండా కూడా నడిచే ఇంజన్లున్నాయి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, మిథనాల్‌కు 6.4 పాళ్లు చాలు. అంటే అదే గాలికి మిథనాల్ రెండింతలకు పైగా కావాలి. బైకు కార్బురేటరు అలవాటుతో చూసేవారికి గ్లో ఇంజన్ తాగే ఇంధనం దుబారాగా కనబడుతుంది కానీ దాని తిండి అంతే.

మొత్తానికి సరైన వేడి, సరైన ఇంధనం, గట్టి కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే బిగువు) అనే మూడూ ఒకేసారి సమకూరితే ఇంజన్ అందుకోక తప్పదు. అందుకోలేదంటే మూడింటిలో ఏదో ఒకటి లోపించింది, దాన్ని ఈ వరుసలోనే వెతకాలి.

చెయ్యి పెట్టే ముందు

విమానం తోకను ఎవరైనా పట్టుకోవాలి, లేదా రెండు మేకులు దిగగొట్టి తాడుతో కట్టాలి. ప్రొపెల్లర్ తిరిగే గీతకు ఎదురుగాగానీ పక్కగాగానీ ఎవరూ నిలబడకూడదు. ప్రొపెల్లర్‌ను వట్టి వేలితో కాక రబ్బరు తొడిగిన కర్రతో తిప్పాలి. మెడలో తువ్వాలు, జారే దుపట్టా, వేలాడే ఐడీ కార్డు తాడు పనికిరావు; ఆఫీసు తాడు మెడలో వేసుకునే మైదానానికి వచ్చేవారిని మా ఊళ్లో చాలామందినే చూశాను.

మిథనాల్ గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. బైకు ట్యాంకు నుంచి పెట్రోలు తీసేటప్పుడు ట్యూబును నోటితో పీల్చే అలవాటు మనలో చాలామందికి ఉంది. గ్లో ఇంధనం విషయంలో ఆ పని ఎన్నడూ చేయకూడదు. మిథనాల్ కొద్దిగా కడుపులోకి పోయినా చూపును, ప్రాణాన్ని తీయగలదు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా ప్రాణాలు తీసిన నాటుసారాలో కలిసింది ఈ మిథనాలే. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతుంది కనుక చేతికి తొడుగులు వేసుకోవాలి. మందుల షాపులో దొరికే పెద్ద సిరంజి కొని, సూది తీసేసి, ఒక సిలికాన్ ట్యూబు ముక్క తగిలించుకుంటే ఇంధనం తోడడానికీ, ట్యూబులోకి గాలి ఊదడానికీ, కార్బురేటర్ కడగడానికీ అదొక్కటే సరిపోతుంది. మిథనాల్ మంట పట్టపగలు కంటికి కనబడదన్నది కూడా గుర్తుండాలి. ఇంజన్ మీద గాలి సలసలా కాగుతున్నట్టు కదులుతుంటే అది మంటే అయి ఉండవచ్చు.

మొదటి పరీక్ష: ప్లగ్గు, బ్యాటరీ

నా అనుభవంలో మొరాయింపులకు మూలం అన్నిటికంటే ఎక్కువసార్లు ఇక్కడే దొరికింది, అందుకే ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టాలి.

ప్లగ్గును స్పానరుతో విప్పి, ఇగ్నైటర్‌కు తగిలించి, అరచేతి నీడలో పట్టుకుని చూడాలి. ఎండలో పట్టుకుంటే బాగా వెలిగే తీగ కూడా ఆరిపోయినట్టే కనబడుతుంది. చుట్ట మొత్తం రెండు మూడు సెకన్లలో ప్రకాశవంతమైన నారింజ రంగులోకి రావాలి. ముదురు ఎరుపు దగ్గరే ఆగిపోతే బ్యాటరీలో చార్జి లేదు, లేదా ఎక్కడో కనెక్షన్ సరిగా లేదు. చుట్టలో ఒక పక్క మాత్రమే వెలిగి మరో పక్క నల్లగా ఉంటే చుట్లు ఒకదానికొకటి తగులుకున్నాయని అర్థం, ఆ ప్లగ్గును మార్చాలి. అసలు వెలగకపోతే ప్లగ్గుదో ఇగ్నైటర్‌దో తెలుసుకోవడానికి కొత్త ప్లగ్గు పెట్టి చూడడమే సులువు. పెట్టెలో కనీసం రెండు కొత్త ప్లగ్గులు లేకుండా మైదానానికి వెళ్లకూడదు.

ప్లగ్గుకు కావలసింది సుమారు 1.2 నుంచి 1.5 వోల్టులు, కానీ అది తాగే కరెంటు దాదాపు 3 ఆంపియర్లు. గోడ గడియారంలో వేసే చిన్న 1.5 వోల్టుల సెల్లు వోల్టేజీలో సరిపోయినట్టే కనబడినా అంత కరెంటును నిలబడి ఇవ్వలేక కూలబడుతుంది. లావుపాటి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఒక్కటి చాలు, బెంగళూరులో ఎస్.పి. రోడ్డు, చెన్నైలో రిచ్చీ స్ట్రీట్ ఇలాంటివాటికి అందరికీ తెలిసిన చోట్లే. మొబైల్ ఫోన్ తరహా లిథియం సెల్లును నేరుగా తగిలిస్తే దాని 3.7 వోల్టులకు తీగ కన్నుమూసి తెరిచేలోగా తెగిపోతుంది.

ఇగ్నైటర్‌కు ఆంపియర్ మీటరు ఉంటే అది మంచి వైద్యుడితో సమానం. ముల్లు సున్నా దగ్గరే ఉంటే తీగ తెగింది, లేదా కనెక్షన్ అందడం లేదు. 3 దగ్గర నిలిస్తే ప్లగ్గు వెలుగుతోంది. ఇంజన్‌కు బిగించాక ముల్లు మామూలుకంటే పైకి పోతే, ప్లగ్గు ఇంధనంలో మునిగి ఉందని అనుమానించాలి, ఎందుకంటే ప్లాటినం తీగ చల్లబడితే దాని నిరోధం తగ్గి కరెంటు పెరుగుతుంది. బయట చక్కగా వెలిగిన ప్లగ్గు ఇంజన్ లోపల ఎందుకు పనిచేయడం లేదో తేల్చడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

వెలిగే ప్లగ్గులన్నీ మంచివి కావు. చాలా గంటలు నడిచిన ప్లగ్గు తీగ మెరుపు పోయి, బూడిద పట్టినట్టు తెల్లగా, గరుకుగా మారుతుంది. అది బ్యాటరీతో వెలుగుతుంది కానీ మిథనాల్‌తో జరగవలసిన చర్య మందగిస్తుంది. ఇగ్నైటర్ తీయగానే ఇంజన్ చచ్చిపోవడానికి ఇది మొదటి కారణం. తిరిగి బిగించేటప్పుడు రాగి వాషరు ఉందో లేదో చూసుకుని, మొదటి మరలు వేళ్లతోనే ఎక్కించి, చివర్లో మాత్రమే స్పానరు వాడాలి. సిలిండర్ తల అల్యూమినియంది, అడ్డంగా ఎక్కిన ఉక్కు మరకు అది ఒక్కసారికే లొంగిపోతుంది.

రెండో పరీక్ష: ఇంధనం వస్తోందా?

ముందు డబ్బా సంగతి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత వదులైన డబ్బా చెన్నై గాలిలో ఒక వానాకాలం గడిపితే అందులోని ఇంధనాన్ని నమ్మకూడదు. చూడడానికి తేడా తెలియదు కనుక కొత్త డబ్బా తెరిచి నడిపి చూడడమే పరీక్ష. వాడకం తక్కువగా ఉన్నవారు చిన్న డబ్బాల్లోకి నిండుగా పోసి, బిగుతుగా మూత పెట్టి, ఎండ తగలని చోట ఉంచుకోవడం మేలు, ఎందుకంటే నైట్రోమిథేన్ వెలుతురుకు పాడవుతుంది.

తరువాత ట్యాంకు. అందులో ఇంధనాన్ని ఇంజన్‌కు పంపే ట్యూబు చివర క్లంక్ అనే ఇత్తడి బరువు ఉంటుంది. విమానం ఎటు వాలినా అది ఇంధనం ఉన్న వైపే పడుతుంది. రెండో ట్యూబు సైలెన్సర్ నుంచి ఒత్తిడిని ట్యాంకు పైభాగంలోకి తెస్తుంది. విమానాన్ని విప్పి బిగించినప్పుడు ఈ రెండూ తారుమారు కావడం చాలా మామూలు తప్పు. నేనే రెండుసార్లు చేశాను. అలా మారితే కార్బురేటర్‌కు గాలి మాత్రమే అందుతుంది. ఇంధనం నింపడానికి మూడో ట్యూబు ఉన్నవారు దాని బిరడా పెట్టడం మరిచిపోతే ఒత్తిడంతా అటే పోతుంది.

ఇప్పుడు ఇగ్నైటర్ పెట్టకుండానే థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కార్బురేటర్ నోటికి వేలు అడ్డం పెట్టి, ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా చేత్తో తిప్పాలి. పారదర్శకమైన సిలికాన్ ట్యూబులో ఇంధనం ఒక్కో చుట్టుకు ఒక్కో అంగుళం చొప్పున జరుగుతూ కార్బురేటర్ దాకా రావాలి. కదలకపోతే ట్యాంకుకూ ఇంజన్‌కూ మధ్య ఎక్కడో అడ్డు ఉంది. బుడగలు బుడగలుగా వస్తే ఎక్కడో గాలి చొరబడుతోంది: ట్యూబుకు సూదిమొన రంధ్రం ఉండవచ్చు, ఫిల్టర్ అతుకు వదులై ఉండవచ్చు, ట్యాంకు లోపలి క్లంక్ ట్యూబు చీలి ఉండవచ్చు. ఈ మూడోది బయటికి కనబడదు కనుక మనుషుల్ని ఏడిపించేది అదే. ట్యాంకు సగం ఖాళీ అయ్యాకే బుడగలు మొదలవుతుంటే, తప్పు లోపలి ట్యూబుదేనని నేను నేరుగా అనుకుంటాను.

ట్యాంకును బయటికి తీసి, మిగతా ట్యూబులు మూసి, బకెట్ నీళ్లలో ముంచి, సిరంజితో మెల్లగా గాలి ఎక్కిస్తే మూత దగ్గరో అతుకు దగ్గరో ఉన్న లీకు బుడగలుగా బయటపడుతుంది. పరీక్ష అయ్యాక లోపల నీటి చుక్క మిగలకుండా కొద్దిగా ఇంధనంతో కడిగి పారబోయాలి. లీకు లేదు, ట్యూబు మడత పడలేదు, అయినా ఇంధనం రావడం లేదంటే నీడిల్ రంధ్రంలో నలక ఉంది. ముందు నీడిల్‌ను పూర్తిగా మూసి, ఎన్ని చుట్లకు మూసుకుందో కాగితం మీద రాసుకుని, ఆ తరువాతే దాన్ని బయటికి తీసి, సిరంజితో ఇంధనాన్ని అటూ ఇటూ కొట్టాలి. ఉక్కు తీగతో పొడిస్తే రంధ్రం సాగిపోతుంది, ఆపైన ఆ కార్బురేటర్ ఏ అమరికకూ లొంగదు.

ప్రైమింగ్ చేయడం, ఫ్లడ్ అయితే తేర్చడం

చల్లని ఇంజన్‌కు మొదటి ముద్ద మనమే తినిపించాలి. ఇంధనం కార్బురేటర్ దాకా వచ్చిన తరువాత, వేలు అడ్డం పెట్టి ఇంకో రెండు చుట్లు తిప్పడం సాధారణంగా చాలు. తరువాత థ్రాటిల్‌ను పావు వంతు తెరుపుకు తగ్గించి, ఇగ్నైటర్ తగిలించి, కర్రతో ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా కంప్రెషన్ మీదికి తేవాలి. ప్లగ్గు, ఇంధనం రెండూ సరిగా ఉంటే అక్కడ ఒక ఎదురుతన్ను తగులుతుంది. లోపల ఎవరో పిడికిలితో గుద్దినట్టు ప్రొపెల్లర్ వెనక్కి ఎగురుతుంది. ఆ తన్ను తగిలితే ఇంజన్ సిద్ధంగా ఉన్నట్టే, ఒకటి రెండు బలమైన విసుర్లకు అందుకుంటుంది. తన్ను లేకపోతే విసరడం దండగ, వెనక్కి వెళ్లి ప్లగ్గునూ ఇంధనాన్నీ మళ్లీ చూడాలి.

బెంగళూరులో డిసెంబరు, జనవరి ఉదయాలకు ఒక ప్రత్యేక చిక్కు ఉంది. మిథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలుకంటే దాదాపు మూడింతల వేడిని లాక్కుంటుంది. 15 డిగ్రీల చలిలో అది సిలిండర్‌లో ద్రవంగానే ఉండిపోతుంది. అప్పుడు మనం తిప్పే ప్రతి చుట్టూ ఇంకొంత ఇంధనాన్ని పోగుచేస్తుంది తప్ప మంట పుట్టించదు. ఇంధనం డబ్బాను రాత్రంతా డిక్కీలో కాక ఇంట్లో ఉంచుకోవడం, ఇంజన్‌ను కొద్దిసేపు ఎండలో పెట్టడం, ఇంటి దగ్గరైతే జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో సిలిండర్‌ను గోరువెచ్చగా చేయడం ఇందుకు మందు. చెన్నైవారికి ఈ బాధ తెలియదు. నేను అక్కడ ఉన్న రోజుల్లో ఉదయం 7 గంటలకే ఇంజన్ పట్టుకుంటే వెచ్చగా ఉండేది.

ఎక్కువ ప్రైమింగ్ చేస్తే ఇంజన్ ఫ్లడ్ అవుతుంది. ప్రొపెల్లర్ బరువుగా తిరుగుతుంది, సైలెన్సర్ నుంచి ఇంధనం కారుతుంది, ఒక్కోసారి కంప్రెషన్ దగ్గర రాయి తగిలినట్టు ఆగిపోతుంది. ఈ చివరి స్థితి చాలా ప్రమాదకరం. గాలిని నొక్కవచ్చు కానీ ద్రవాన్ని నొక్కలేము. పిస్టన్ పైన ద్రవం నిండి ఉండగా బలవంతంగా తిప్పితే వంగేది కనెక్టింగ్ రాడ్డే. చాలా ఏళ్ల కిందట చెన్నైలో నా 10 సి.సి. ఇంజన్ మీద, చేత్తో తిప్పి చూడకుండానే 12 వోల్టుల స్టార్టర్ ఆనించాను. టక్కుమని ఒక చిన్న శబ్దం, అంతే. ఇంజన్ విప్పితే రాడ్డు అరటిపండులా వంగి ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలి వాడితే జరిగేది అదే. అప్పటి నుంచి స్టార్టర్ పెట్టే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పకుండా నేను మీట నొక్కను. స్టార్టర్ తిరిగే దిశ కూడా సరిచూసుకోవాలి, ముందు నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారపు ముళ్లకు వ్యతిరేకంగా తిరగాలి.

ఫ్లడ్ అయిన ఇంజన్‌ను తేర్చడం తేలిక. ఇగ్నైటర్ తీసేసి, ప్లగ్గు విప్పి, ఇంధనం ట్యూబును క్లిప్పుతో నొక్కి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్లగ్గు రంధ్రం నేలవైపు ఉండేలా విమానాన్ని తిప్పి, ప్రొపెల్లర్‌ను పదిహేను ఇరవై సార్లు తిప్పాలి. రంధ్రం నుంచి ఇంధనం జల్లులా చిమ్ముతుంది కనుక ముఖం పక్కకు పెట్టాలి, గుడ్డ అడ్డం పెట్టాలి. ప్లగ్గును వేరుగా వెలిగించి ఆరబెట్టాలనుకుంటే, చిమ్మిన ఇంధనానికి చాలా దూరంగా వెళ్లి ఆ పని చేయాలి. ఇంజన్ తలకిందులుగా బిగించిన విమానాల్లో ఇంధనం నేరుగా ప్లగ్గు మీదే నిలుస్తుంది, వాటిని వెల్లకిలా తిప్పి స్టార్ట్ చేసుకోవడమే సుఖం.

మూడో పరీక్ష: కంప్రెషన్

పొడిగా ఉన్న ఇంజన్‌ను పైకి తిప్పినప్పుడు స్ప్రింగులా వెనక్కి నెట్టాలి. ఇత్తడి గొట్టానికి క్రోమియం పూత వేసిన ఏ.బి.సి. తరహా ఇంజన్లలో చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పై చివర బిగుసుకుని కిర్రుమంటుంది, అది రోగం కాదు. ఆ బిగువు బొత్తిగా పోయి జారుడుగా తిరుగుతుంటే ఆ గొట్టం, అంటే లైనర్, అరిగిపోయింది. రింగు ఉన్న ఇంజన్లు పొడిగా ఉన్నప్పుడు బలహీనంగానే అనిపిస్తాయి కనుక ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల నూనె వేసి మళ్లీ తిప్పి చూడాలి. నూనెతో కంప్రెషన్ పెరిగితే తప్పు రింగుది. పెరగకపోతే ప్లగ్గు వాషరు చుట్టూ, సిలిండర్ తల అంచు వెంట నూనె రాసి తిప్పాలి. ఎక్కడ బుడగ పుడితే అక్కడ లీకు. తల బోల్టులను ఒకదానికెదురుగా ఒకటి చొప్పున, కొంచెం కొంచెంగా బిగించాలి.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఇంధనాన్ని లాగేది పిస్టన్ కింద ఉన్న క్రాంక్‌కేస్ పీల్పే. వెనక మూత గాస్కెట్ చినిగినా, కార్బురేటర్ మెడ దగ్గరి రబ్బరు రింగు ఎండి పగిలినా ఆ పీల్పు పోతుంది, పైన కంప్రెషన్ ఎంత బాగున్నా ఇంధనం అందదు. ముందు బేరింగు దగ్గర కాస్త నూనె కారడం మాత్రం సహజమే. ఫోర్ స్ట్రోక్ వారు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వుల సందును దాని పుస్తకంలో ఇచ్చిన కొలతకు సరిచూసుకోవాలి.

ప్రొపెల్లర్ కూడా ఇక్కడే చూసుకోవాలి. 46 సైజు, అంటే 7.5 సి.సి. ఇంజన్‌కు 10 × 6 లేదా 11 × 6 (అంగుళాల్లో వ్యాసం, పిచ్) ప్రొపెల్లర్ సరిపోతుంది. మరీ చిన్నది వేస్తే ఊపు నిలవదు. నట్టు వదులైతే ఇంజన్ తన్నినప్పుడు ప్రొపెల్లర్ జారుతుంది, ఊడి ఎగిరిపోవచ్చు కూడా.

ఇప్పుడు నీడిల్

మూడు పరీక్షలూ దాటి వచ్చినవారు నిశ్చింతగా నీడిల్ పట్టుకోవచ్చు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిప్పడం కాదు; దాన్ని మెల్లగా, బిగించకుండా పూర్తిగా మూసి, అక్కడి నుంచి లెక్కపెడుతూ తెరవాలి. చాలా ఇంజన్లకు మొదటి స్టార్టుకు 2 నుంచి 2.5 చుట్ల తెరుపు సరిపోతుంది, మీ ఇంజన్ పుస్తకం వేరే అంకె చెబితే అదే ప్రమాణం. తక్కువ వేగాన్ని అదుపు చేసే రెండో స్క్రూను తయారీదారు పెట్టిన చోటే ఉంచాలి. ఇంజన్ పూర్తి వేగంలో సరిగా నడిచేదాకా దానితో పని లేదు.

నీడిల్ ఎక్కువ తెరిస్తే ఇంధనం ఎక్కువవుతుంది, దాన్ని రిచ్ అంటాము, తక్కువైతే లీన్. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కనుక ఇక్కడి గాలి చెన్నై గాలికంటే సుమారు 8–9 శాతం పలచన. చెన్నైలో సరిచేసిన ఇంజన్ ఇక్కడ కొంచెం రిచ్‌గా, పొగ ఎక్కువగా నడుస్తుంది. ఇక్కడ సరిచేసినది అక్కడ లీన్ అయి కాగిపోతుంది. ఊరు మారినప్పుడు ముందుగా నీడిల్ వైపు చూడడం న్యాయమైన సందర్భం ఇదొక్కటే. అప్పుడైనా పావు చుట్టు లోపలే సర్దుబాటు అయిపోవాలి.

అంటుకుని ఆగిపోతుంటే

అసలు పలకని ఇంజన్‌కంటే పలికి ఆగిపోయే ఇంజన్ నయం, ఎందుకంటే అది ఎలా ఆగిందో చెప్పేసి ఆగుతుంది. చెవి పెట్టి వినాలి. రెండు మూడు సెకన్లు జోరుగా తిరిగి టప్పున ఆగితే, మనం ప్రైమింగ్‌గా ఇచ్చినది మండిపోయింది, ట్యాంకు నుంచి కొత్తది రాలేదు. రెండో పరీక్షకు వెళ్లాలి. గొంతు సన్నబడుతూ, వేగం పెరుగుతూ ఆగితే లీన్, నీడిల్ పావు చుట్టు తెరవాలి. తెరిచినా మారకపోతే గాలి లీకును వెతకాలి. బొంగురుగా, తెల్లని పొగ కక్కుతూ, నీరసపడి ఆగితే రిచ్. బ్యాటరీ ఉన్నంతసేపు బాగా నడిచి తీయగానే ఆగితే ప్లగ్గు ముసలిదైంది, లేదా ఇంకా చాలా రిచ్‌గా ఉంది. ముందు ప్లగ్గు మార్చి, తరువాతే నీడిల్‌ను కొంచెం మూయాలి. ఇంజన్ వెనక్కి తిరగడం మొదలుపెడితే కంగారుపడకుండా ఇంధనం ట్యూబును నొక్కి ఆపి, ఈసారి ప్రైమింగ్ తగ్గించి మొదలుపెట్టాలి.

ఏళ్ల తరబడి అటక మీద ఉన్న ఇంజన్

ఎవరో ఇచ్చినదో, పాత పెట్టెలో దొరికినదో ఇంజన్ అసలు తిరగకపోతే అది తుప్పు కంటే ఎండిన ఆముదం పనే అయి ఉంటుంది. స్క్రూడ్రైవరు పెట్టి పిస్టన్‌ను తోయడం, ప్రొపెల్లర్‌ను పట్టి మెలిపెట్టడం చేయకూడదు. ప్లగ్గు విప్పి, లోపల పలచని నూనె వేసి, డ్రయ్యరుతో పది నిమిషాలు వేడిచేస్తే ఆముదం మళ్లీ మెత్తబడుతుంది. అప్పుడు ప్రొపెల్లర్‌ను మెల్లగా అటూ ఇటూ ఊపితే వదులుతుంది. తిరిగినప్పుడు గరగరమంటే బేరింగులు తుప్పుపట్టాయి, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలిన చెన్నై ఇంజన్లలో. వాటిని మార్చాకే నడపాలి.

ఆ స్థితి రాకుండా ఉండాలంటే ఆ రోజు చివరి ఎగురుడు తరువాత ఇంధనం ట్యూబును నొక్కి, ఇంజన్ తనంతట ఆగేదాకా నడిపి, లోపలి ఇంధనాన్ని ఖర్చుచేయాలి. ట్యాంకులో మిగిలినది సిరంజితో తోడేయాలి. తరువాత ప్లగ్గు రంధ్రంలోనూ కార్బురేటర్ నోట్లోనూ తుప్పు పట్టకుండా కాపాడే ఆఫ్టర్ రన్ నూనె కొన్ని చుక్కలు వేసి, ప్రొపెల్లర్‌ను పది చుట్లు తిప్పి పెట్టెలో పెట్టాలి. మా అన్నయ్య కొడుకు ఇప్పుడు దీనికి ఇంకో పని కలిపాడు: ఇంటికి రాగానే ఇగ్నైటర్ మూతిని మిథనాల్ తడిపిన గుడ్డతో తుడుస్తాడు. వాడి సామాన్ల పెట్టె మూత లోపల మార్కరుతో ఒక వరుస రాసి ఉంది: "నీడిల్ 2 చుట్లు, పైన 4 క్లిక్కులు, బెంగళూరు."